ఇద్దరు సిస్టర్ల మధ్య మాటలు ఆగిపోయినప్పుడు వార్డు ఇన్‌చార్జి చేయవలసినవి

ఆసుపత్రి వార్డులో పనిచేసే ఇద్దరు నర్సుల మధ్య మనస్పర్థ వస్తే దాని నష్టం వారిద్దరితో ఆగదు. సాయంత్రం డ్యూటీ దిగే సిస్టర్ ముక్తసరిగా నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతే, మూడో నంబరు మంచం మీదున్న రోగికి మధ్యాహ్నం నుంచి మూత్రం తగ్గిందన్న సంగతి రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్‌కు తెలియకుండా పోవచ్చు. కాబట్టి సహోద్యోగుల తగవును వాళ్ల సొంత వ్యవహారమని పక్కన పెట్టే వెసులుబాటు వార్డు ఇన్‌చార్జికి లేదు. ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి ఇన్‌చార్జుల కోసం రాసినదే అయినా, షిఫ్టుల మీద నడిచే ఫ్యాక్టరీలోనో కాల్ సెంటర్‌లోనో నలుగురి మీద బాధ్యత ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

తగవు తన దాకా రాగానే చాలామంది ఇన్‌చార్జులు మనుషుల స్వభావాలను తూచడం మొదలుపెడతారు. ఒకరిది నోటి దురుసని, ఇంకొకరికి పంతం ఎక్కువని తీర్మానించి, ఇద్దరినీ పిలిచి "సర్దుకుపోండి" అని చెప్పి పంపిస్తారు. నా అభిప్రాయంలో ఈ పద్ధతి వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ముప్పై ఏళ్ల వయసుకు స్థిరపడిపోయిన స్వభావాన్ని ఏ ఇన్‌చార్జీ మార్చలేరు గానీ, ఏ పని ఎవరు ఏ వేళకు చేయాలన్నది మాత్రం కచ్చితంగా మార్చగలరు. వార్డులో రేగే తగవుల్లో చాలావాటికి అడుగున ఎవరిదో తేలని ఒక పనో, ఎవరికీ సరిగా చెప్పని ఒక నియమమో, పంపకంలో జరిగిన ఒక అన్యాయమో ఉంటుంది. ముందు దాన్ని వెతికి పట్టుకోవాలి. స్వభావాల సంగతి ఆ తరువాత చూడవచ్చు, అప్పటికి చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

ఎప్పుడు కలగజేసుకోవాలి

పని ఒత్తిడిలో వచ్చే ప్రతి చిరాకులోనూ ఇన్‌చార్జి తలదూర్చనక్కర్లేదు. అత్యవసర కేసు వచ్చిన రోజున ఒకరి మీద ఒకరు విసుక్కున్న ఇద్దరు మరుసటి రోజు కలిసి టీ తాగుతుంటే ఆ విషయాన్ని మళ్లీ కదపకపోవడమే మంచిది. అయితే డ్యూటీ అప్పగింత (హ్యాండోవర్) రోజురోజుకూ కురచనవుతున్నా, నోటితో చెప్పవలసినవి చెప్పకుండా "పుస్తకంలో రాశాను, చూసుకోండి" అనే ధోరణి వచ్చినా, నిన్నటిదాకా "అక్కా" అని పిలిచిన చిన్న సిస్టర్ పెద్దావిడను ముభావంగా "మేడం" అని పిలవడం మొదలుపెట్టినా గమనించాలి. ఫలానా వారితో డ్యూటీ వేయవద్దని కారణం చెప్పకుండా అడగడం, వాట్సాప్ స్టేటస్‌లో పేరు లేకుండా దెప్పిపొడుపులు పెట్టడం మరికొన్ని గుర్తులు. రోగి సమాచారం ఆగిపోవడం మొదలైనా, మిగతా సిబ్బంది రెండు వర్గాలుగా చీలుతున్నా, రోగి బంధువుల ముందు మాటామాటా పెరిగినా ఆ రోజే కలగజేసుకోవాలి.

ముందు విడివిడిగా వినండి

ఇద్దరినీ ఒకేసారి ఎదురెదురుగా కూర్చోబెట్టడం తొలి అడుగుగా పనికిరాదు. మనసులో మాట ఇంకా ఎవరూ వినకముందే అవతలి మనిషి ముందు నిలబడవలసి వస్తే ఎవరైనా తమను తాము కాపాడుకునే మాటలే మాట్లాడతారు. అందుకని ముందుగా ఒక్కొక్కరితో వేర్వేరుగా, నర్సింగ్ స్టేషన్‌కు దూరంగా, తలుపు వేసుకునే వీలున్న గదిలో మాట్లాడాలి. పన్నెండు గంటల నైట్ డ్యూటీ ముగించి నిద్రకు తూలుతున్న మనిషిని ఆపి అడగకూడదు. ఇద్దరికీ ఇంచుమించు సమానమైన సమయం ఇవ్వాలి. ఒకరితో గంటసేపు మాట్లాడి రెండోవారిని పది నిమిషాల్లో పంపేస్తే, తీర్పు ముందే అయిపోయిందన్న కబురు సాయంత్రానికల్లా వార్డంతా పాకుతుంది.

మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "సిస్టర్, మీ ఇద్దరి మధ్య హ్యాండోవర్ సరిగా సాగడం లేదని నాకు అనిపిస్తోంది. తప్పెవరిదని అడగడానికి పిలవలేదు. మీ వైపు నుంచి ఏం జరుగుతోందో చెప్పండి, నేను రాసుకుంటాను." ఆ తరువాత మధ్యలో సలహా ఇవ్వకుండా, సమర్థించకుండా, "ఆమె కూడా అలాగే అంటోంది" వంటి మాట ఒక్కటీ జారకుండా వినాలి. "ఇది ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే రోగి భద్రతకు సంబంధించినది ఏదైనా బయటపడితే పైవారికి చెప్పక తప్పదు. "అవసరమైనవారికి తప్ప ఇంకెవరికీ చెప్పను" అనడం నిజాయతీ గల మాట.

రాసుకునేటప్పుడు కాగితాన్ని రెండు భాగాలు చేసుకుంటే మేలు. చూసినవి, విన్నవి, జరిగినవి ఒక పక్కన, వాటి గురించి ఆ మనిషి అనుకుంటున్నవి రెండో పక్కన రాయాలి. "ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది", "కావాలనే పని మిగిల్చి పోతుంది", "నన్ను లెక్కచేయదు" అన్నవి రెండో పక్కకు పోతాయి. వాటిని తీసిపారేయకూడదు. ఒక్కోదానికి "ఈ మధ్య అలా జరిగింది ఏ రోజు? అప్పుడు ఏం జరిగింది?" అని అడిగితే మొదటి పక్కన చేరవలసిన సంగతి బయటికి వస్తుంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది అన్న మూడు షిఫ్టుల వార్డు అది. సాయంత్రం డ్యూటీ సిస్టర్ ఫిర్యాదు ఏమిటంటే, రాత్రి సిస్టర్ రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా రావడం వల్ల ఎనిమిదిన్నరకు బయలుదేరే స్టాఫ్ బస్సు తనకు అందడం లేదు, ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. రాత్రి సిస్టర్ మాత్రం తాను ఏనాడూ ఆలస్యంగా రాలేదని, తాను వచ్చేసరికి ఎనిమిది గంటల మందులు ఇవ్వకుండా, ఖాళీ అయిన సెలైన్ సీసాలు మార్చకుండా మిగిల్చిపెడుతున్నారని అంటుంది. ఇన్‌చార్జి ఇక్కడే ఆగిపోతే ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారనే తేలుతుంది.

బయోమెట్రిక్ హాజరు తీసి చూస్తే రాత్రి సిస్టర్ వేలిముద్ర రోజూ ఎనిమిదికి రెండు మూడు నిమిషాల ముందే పడి ఉంది. అయితే ఆ యంత్రం కింది అంతస్తులో గేటు దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి వెనుక బ్లాకులోని గదికి వెళ్లి యూనిఫాం మార్చుకుని, లిఫ్టు కోసం నిలబడి, నాలుగో అంతస్తుకు చేరేసరికి ఎనిమిదీ ఇరవై అవుతుంది. ఆమె వేళకే వస్తోంది, వార్డుకు ఆలస్యంగానే చేరుతోంది. మందుల చార్టు తీస్తే పన్నెండు గంటలకొకసారి ఇవ్వవలసిన యాంటీబయాటిక్‌లన్నీ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అని రాసి ఉన్నాయి. సరిగ్గా షిఫ్టు మారే నిమిషానికి పడిన ఆ డోసు ఎవరిదన్నది ఆ వార్డులో ఎక్కడా రాసి లేదు. దిగేవారు ఎక్కేవారిదనుకున్నారు, ఎక్కేవారు దిగేవారిదనుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరికీ అన్యాయమే జరిగింది. ఇద్దరి గుణగణాల మీద ఎంతసేపు చర్చించినా ఈ సంగతి బయటపడేది కాదు.

అందుకే ఇద్దరి మాటలూ విన్న తరువాత, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడానికి ముందు, ఒక పూట కాగితాలతో గడపమని నేను గట్టిగా చెబుతాను. హాజరు, డ్యూటీ రోస్టర్, మందుల చార్టు, హ్యాండోవర్ పుస్తకం, గత రెండు నెలల్లో ఎవరికి ఎన్ని నైట్లు పడ్డాయన్న లెక్క, ఇవన్నీ చూడాలి. వీలైతే షిఫ్టు మారే వేళకు వార్డులో నిలబడి కళ్లారా చూడాలి.

కలిపి కూర్చోబెట్టడం

ఇద్దరూ ఒప్పుకున్నాక, రెండు మూడు రోజుల్లోపే కలిపి మాట్లాడించాలి. అరగంట, మహా అయితే ముప్పావుగంట చాలు. ఒకరు మాట్లాడుతుండగా రెండోవారు అడ్డుకోకూడదని, పాత పురాణాలు తవ్వకుండా ఈ రెండు నెలల విషయాలకే పరిమితం కావాలని, ఇంటి సంగతులు, కులం, ఊరు, చదువు ఎత్తకూడదని ముందే చెప్పాలి. తరువాత ఇన్‌చార్జి తాను కాగితాల్లో చూసిన సంగతులను ఎవరినీ నిందించకుండా ముందు పెట్టాలి. పై ఉదాహరణలో బయోమెట్రిక్ యంత్రానికి, వార్డుకు మధ్య ఇరవై నిమిషాలు పోతున్నాయని, ఎనిమిది గంటల డోసుకు యజమాని లేరని చెప్పగానే ఇద్దరి మధ్య ఉన్న కోపంలో చాలా భాగం దాని అసలు చోటికి మళ్లుతుంది.

ఇక్కడ మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు 1920లలో చెప్పిన ఒక చిన్న సంఘటన గుర్తుంచుకోదగినది. గ్రంథాలయంలోని ఒక గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఫాలెట్ మూసి ఉంచాలన్నారు. చివరికి ఎవరూ కూర్చోని పక్క గది కిటికీ తెరిచారు. అవతలి వ్యక్తికి కావలసింది ఆ కిటికీ తెరవడం కాదు, గదిలోకి గాలి రావడం. ఆమెకు వద్దన్నది గాలి కాదు, ఉత్తరపు గాలి నేరుగా తన మీదికి కొట్టడం. కిటికీ సగం తెరిచి ఉంటే ఇద్దరికీ సగం సగం అసంతృప్తి మిగిలేది. చెరి సగం చేసి రాజీ కుదర్చడం మనకు అలవాటైన పద్ధతి, కానీ ఎవరికి నిజంగా ఏం కావాలో అడిగి తెలుసుకుంటే చాలాసార్లు ఆ సగం కోత అక్కర్లేదు. సాయంత్రం సిస్టర్‌కు కావలసింది బస్సు. రాత్రి సిస్టర్‌కు కావలసింది మిగులు పని లేని వార్డు.

కాబట్టి పరిష్కారాన్ని మీరు చెప్పకుండా, "ఇది ఇలా జరగకుండా ఉండాలంటే ఏం మారాలి?" అని ఇద్దరినీ అడగండి. ఎనిమిది గంటల డోసు సాయంత్రం షిఫ్టుదేనని, ఆసుపత్రి నిబంధన అనుమతించే వ్యవధిలో ముందుగానే మొదలుపెట్టి ఎనిమిదికల్లా చార్టులో సంతకం చేయాలని వారే అనవచ్చు. ఎనిమిదికి పదిహేను నిమిషాల ముందే వార్డుకు చేరతానని రాత్రి సిస్టర్ ఒప్పుకోవచ్చు. అలా ఒప్పుకుంటే ఆ పదిహేను నిమిషాలకు ఉదయం అంత ముందుగా ఆమెను వదలడం న్యాయం, లేకపోతే ఒకరి ఇబ్బందిని ఇంకొకరి నెత్తిన వేసినట్లవుతుంది. బస్సును పావుగంట ఆలస్యంగా పంపమని, బయోమెట్రిక్ యంత్రం ఒకటి పై అంతస్తులోనూ పెట్టమని యాజమాన్యానికి రాయడం మీ వంతు. కుదిరిన మాటలను తేదీతో నాలుగైదు వాక్యాల్లో రాసి ముగ్గురూ తలా ఒక ప్రతి ఉంచుకోవాలి.

హ్యాండోవర్ పద్ధతి సడలడమే గొడవకు మూలమైతే, ఎస్‌బార్ అనే పద్ధతిని వార్డులో స్థిరపరచడం ఎంతో ఉపకరిస్తుంది. రోగి ఇప్పుడున్న స్థితి, వెనుకటి వివరాలు, నర్సు అంచనా, తరువాత చేయవలసినది అన్న నాలుగు అంశాలను ఆ వరుసలోనే చెప్పడం దాని పద్ధతి. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రుల్లోకి వచ్చిన ఈ విధానాన్ని, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వెలువడిన రోగి భద్రతా సూచనల్లో కూడా చేర్చారు. ముఖం చూడడం ఇష్టం లేని ఇద్దరు కూడా మంచం పక్కన నిలబడి ఈ నాలుగూ చెప్పుకోగలరు. ఇన్‌చార్జి పట్టుబట్టవలసింది దాని కోసమే. స్నేహం కోసం పట్టుబట్టకూడదు. ఇద్దరూ చేతులు కలపాలని, అందరి ముందూ క్షమాపణ చెప్పాలని బలవంతం చేస్తే ఆ అవమానం నుంచి కొత్త తగవు పుడుతుంది.

మరో మాట. వయసులోనో సర్వీసులోనో చిన్నవారిని "నువ్వు చిన్నదానివి, నువ్వే తగ్గు" అనడం మన పనిచోట్ల సర్వసాధారణమైపోయింది. పెద్దవారికి మర్యాద ఇవ్వడం వేరు, వారు వదిలేసిన పనిని నోరు మూసుకుని చేయడం వేరు. కొత్తగా చేరిన అమ్మాయి తన తప్పు లేకుండా రెండుసార్లు తగ్గిందంటే, మూడోసారి రోగికి ప్రమాదం కనిపించినా నోరు విప్పదు. ఆ మౌనానికి బాధ్యత ఇన్‌చార్జిదే అవుతుంది.

రోస్టర్ దగ్గర మొదలయ్యే తగవులు

సంక్రాంతికి సెలవు ఎవరికి, దసరాకు ఎవరికి, క్రిస్మస్‌కు ఎవరికి, రంజాన్‌కు ఎవరికి అన్న ప్రశ్న ఏటా వస్తుంది, ఏటా కొత్తగా వచ్చినట్లే గొడవ జరుగుతుంది. గడచిన రెండేళ్లలో ఏ పండుగకు ఎవరు డ్యూటీ చేశారో ఒక పుస్తకంలో రాసి, ఎవరైనా తీసి చూసుకునేలా నర్సింగ్ స్టేషన్‌లో ఉంచితే ఇందులో సగం గొడవ పుట్టదు. పెళ్లికాని వారికి ఇంటి బాధ్యతలు ఉండవన్న లెక్కతో పండుగ నైట్లన్నీ వారికే వేయడం అన్యాయం, వారికీ ఎదురుచూసే తల్లిదండ్రులు ఉంటారు. డ్యూటీలు మార్చుకోవడం నోటిమాటగా ఉండకూడదు. ఇద్దరి సంతకాలతో, ఇన్‌చార్జి ఆమోదంతో రాతలో ఉండాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెగ్యులర్ సిబ్బంది, కాంట్రాక్టు సిబ్బంది, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఒకే వార్డులో ఒకే పని చేస్తూ వేర్వేరు జీతాలు తీసుకుంటారు. ఆ తేడా వల్ల మనసులో రగిలే బాధను ఇన్‌చార్జి తీర్చలేరు, తీర్చగలనన్నట్లు మాట్లాడనూ కూడదు. తన చేతిలో ఉన్నది, అంటే పని పంపకం, మాత్రం సమానంగా ఉండేలా చూడాలి. హైదరాబాద్ ఆసుపత్రుల్లో తెలుగు, మలయాళం, హిందీ మాట్లాడేవారు కలిసి పనిచేస్తుంటారు కనుక, హ్యాండోవర్ వేళ అక్కడున్న అందరికీ అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలన్న నియమం అవసరం. అర్థం కాని భాషలో నవ్వుకుంటే తమ గురించేనేమో అనుకోవడం మానవ సహజం.

వార్డు వాట్సాప్ గ్రూపు రోస్టర్‌కు, సమాచారానికి మాత్రమే. గ్రూపులో గొడవ మొదలైతే ఎవరి పక్షమూ మాట్లాడకుండా "దీని గురించి నేను ఇద్దరితోనూ మాట్లాడతాను, ఇక్కడ ఆపండి" అని ఒక్క సందేశం పెట్టి, వెంటనే ఫోను చేయాలి. రోగి పేరు, ఫొటో, కేస్ షీట్ అందులో కనిపిస్తే తీయించాలి.

మీరు తీర్చకూడని తగవులు

కొన్ని విషయాలను తగవుగా చూడడమే తప్పు. ఒక మహిళ తనను లైంగికంగా వేధించారని చెబితే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసే అధికారం ఇన్‌చార్జికి లేదు. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలై ఉండాలి, సంస్థకు బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. పది మంది కన్నా తక్కువ ఉన్న నర్సింగ్ హోంలలో పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. విచారణ తొంభై రోజుల్లో పూర్తి కావాలి. విచారణకు ముందు సామరస్యంగా పరిష్కరించుకునే మార్గం ఆ చట్టంలో ఉన్నా, అది బాధితురాలు తానుగా కోరితేనే, అదీ కమిటీ ద్వారానే, డబ్బు ప్రాతిపదికన కాకుండా జరగాలి. మీ పని ఆమె మాట నమ్మకంగా విని, కమిటీ వివరాలు చెప్పి, ఫిర్యాదు రాయడానికి సాయం కావాలంటే ఏర్పాటు చేసి, విషయాన్ని గోప్యంగా ఉంచడం.

కులం పేరుతో అవమానం జరిగితే అదీ నోటి దురుసు కింద లెక్కవేసి మందలించి వదిలేసేది కాదు. దళితులను, గిరిజనులను కులం పేరుతో నలుగురి ముందు దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. చేయి చేసుకున్నా, బెదిరించినా, ఇవ్వని మందు ఇచ్చినట్లు చార్టులో రాసినా వెంటనే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి.

తరువాత

రాసుకున్న ఒప్పందం అమలవుతోందో లేదో వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి చూడాలి. "ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా?" అని ఇతరులను ఆరా తీయకుండా, ఎనిమిది గంటల డోసు సంతకాలు, హ్యాండోవర్ పుస్తకం చూసి, ఇద్దరినీ విడివిడిగా "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే చాలు. ఒకరు మాట నిలబెట్టుకుని మరొకరు తప్పితే ఆ తప్పినవారితోనే, ఏకాంతంలో, తేదీలతో సహా మాట్లాడాలి. ఇద్దరికీ కలిపి మెమో ఇవ్వడం మాట నిలుపుకున్న మనిషికి శిక్ష.

నెలా రెండు నెలలు చూసినా మార్పు లేకపోతే కొంతకాలం ఇద్దరి షిఫ్టులూ ఒకదాని వెంట ఒకటి రాకుండా రోస్టర్ వేయవచ్చు, కానీ ఆ భారం ఎప్పుడూ ఒకరి మీదే పడకుండా, అంటే ఒక్కరికే వరుసగా నైట్లు రాకుండా చూసుకోవాలి. అదీ కుదరనప్పుడు పైకి పంపే నివేదికలో జరిగిన సంగతులు, తేదీలు, మీరు మార్చిన ఏర్పాట్లు, వాటి ఫలితం, ఇద్దరి మాటలూ వారి వారి పదాల్లోనే రాయండి, "ఫలానా వారు కోపిష్టి" వంటి వాక్యాలు రాయకండి. ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న సంస్థల్లో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కార్మిక చట్టం చెబుతోంది కాబట్టి, మీ నిర్ణయం తమకు న్యాయంగా తోచకపోతే దాన్ని ఆశ్రయించే వీలుందని ఇద్దరికీ మీరే చెప్పండి.